అనుకున్నదంతా అప్పే

పదో తరగతి లెక్కల పేపర్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది: √2 కరణీయ సంఖ్య అని నిరూపించండి. జవాబులో మొదటి వాక్యం అందరికీ నోటికి వచ్చు. √2 అకరణీయ సంఖ్య అనుకుందాం. ఆ పైన దాన్ని ఉమ్మడి కారణాంకం లేని భిన్నంగా రాస్తాం, ఇరువైపులా వర్గం చేస్తాం. లవం సరిసంఖ్య అని తేలుతుంది. కాసేపటికి హారమూ సరిసంఖ్యే అని తేలుతుంది. ఉమ్మడి కారణాంకం లేదన్నాం కదా, మరి ఇదెలా కుదురుతుంది? కాబట్టి మనం అనుకున్నది తప్పు అని రాసి కింద గీత గీస్తాం.

ఆ జవాబును వాక్యం వాక్యంగా విడదీసి చూడండి. ‘లవం సరిసంఖ్య’ అన్నాం గానీ అలాంటి లవమే లేదు. లేని భిన్నం గురించి అరపేజీ మాట్లాడి, చివరికి నికార్సయిన నిజాన్ని ఒకదాన్ని పట్టుకొచ్చాం. గణితం ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ ఈ పని చేస్తూనే ఉంది. అయినా 1879లో ఫ్రేగే ఆధునిక తర్కశాస్త్రానికి పునాది వేశాక కూడా దాదాపు యాభై ఏళ్లపాటు ఆ శాస్త్రంలో ‘అనుకుందాం’ అన్న మాటకు చోటు దొరకలేదు. దొరికిన తర్వాత పుట్టిన పద్ధతినే సహజ నిగమనం అంటున్నారు. దాని బలమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దాని ఇబ్బందుల్లో చాలావాటిని తవ్వుకుంటూ పోయినా ఆ మాట దగ్గరికే చేరతామని నా అభిప్రాయం.

ఫ్రేగే, రసెల్, వైట్‌హెడ్, హిల్బర్ట్‌ల పద్ధతి స్థూలంగా ఒక్కటే. కొన్ని స్వీకృతాలను ముందే పెట్టుకోవాలి. వాటి నుంచి కొత్త వాక్యాలు రాబట్టడానికి ఒకటో రెండో నియమాలు. ముఖ్యమైన నియమం ఇది: ‘క’ తేలింది, ‘క అయితే చ’ కూడా తేలింది, కాబట్టి ‘చ’. ఉపపత్తిలో రాసే ప్రతి వరుసా అప్పటికే రుజువైన నిజం కావాలి. ఊరికే అనుకోవడం కుదరదు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది, చిక్కంతా వాడబోయినప్పుడే. ‘క అయితే క’ అన్న మాటనే తీసుకుందాం. వాన పడితే వాన పడుతుంది, అంతే సంగతి. ‘అయితే’ని బాణం గుర్తుతో రాస్తే, మన చేతిలో ఉన్న స్వీకృతాలు రెండు.

మొదటిది: క → (చ → క)

రెండోది: [క → (చ → ట)] → [(క → చ) → (క → ట)]

ఇక ఉపపత్తి:

1. [క → ((క → క) → క)] → [(క → (క → క)) → (క → క)]. ఇది రెండో స్వీకృతమే. ‘చ’ ఉన్నచోట ‘క → క’, ‘ట’ ఉన్నచోట ‘క’ పెట్టాం.
2. క → ((క → క) → క). మొదటి స్వీకృతం.
3. (క → (క → క)) → (క → క). 1, 2 వరుసల నుంచి.
4. క → (క → క). మళ్లీ మొదటి స్వీకృతం.
5. క → క. 3, 4 వరుసల నుంచి.

వెతికినా తప్పు దొరకదు. కానీ ఆ మొదటి వరుస మనిషన్నవాడికి ఎలా తడుతుంది? జవాబు ముందే తెలిసినవాడు వెనక నుంచి ముందుకు అల్లుకుంటూ వస్తే తప్ప తట్టదు. రసెల్, వైట్‌హెడ్ కలిసి రాసిన ‘ప్రిన్సిపియా మాథమాటికా’ 1910 నాటి మొదటి ముద్రణలో 379వ పేజీకి గానీ ఒకటీ ఒకటీ రెండు అన్న మాట దరిదాపుల్లోకి రాలేదని చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ పుస్తకం అంత సాగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. నవ్వులో కొంత అన్యాయం ఉంది గానీ పూర్తిగా అన్యాయం కాదు.

1926లో వార్సాలో యాన్ వుకషేవిచ్ తన సెమినార్‌లో ఒక ప్రశ్న వేశాడు. గణితజ్ఞులెవరూ స్వీకృతాల నుంచి ఇలా పాకుతూ రారు, ఏదో ఒకటి అనుకుని దాని పర్యవసానాలు చూస్తారు. ఆ అలవాటును కచ్చితమైన నియమాలుగా రాయగలమా? అప్పటికి ఇరవై ఏళ్ల విద్యార్థి స్టానిస్లావ్ యాష్కోవ్‌స్కీ జవాబు కనిపెట్టి 1927లో ల్వూవ్ నగరంలో జరిగిన పోలిష్ గణిత మహాసభలో చెప్పాడు. వ్యాసం పూర్తిగా అచ్చవడానికి మాత్రం 1934 దాకా పట్టింది. వార్సా కబురు తెలియకుండానే జర్మనీలో, గోటింగెన్‌లో, గెర్‌హార్డ్ గెంట్సెన్ అనే మరో యువకుడు అదే పని చేస్తున్నాడు. 1933లో సమర్పించిన అతని పరిశోధన గ్రంథం 1934, 35 సంవత్సరాల్లో రెండు భాగాలుగా అచ్చయింది. గణితజ్ఞులు నిజంగా ఆలోచించే తీరుకు వీలైనంత దగ్గరగా ఉండే పద్ధతి కావాలన్నదే అతని పట్టుదల. యాష్కోవ్‌స్కీ అనుకున్నవాటిని పెట్టెలు గీసి అందులో పెట్టాడు, గెంట్సెన్ ఉపపత్తిని చెట్టులా గీశాడు. 1952లో అమెరికాలో ఫిచ్ రాసిన పాఠ్యపుస్తకం వల్ల తరగతి గదుల్లో పెట్టెల వంశమే నిలిచింది. లోతైన సిద్ధాంతాలు రుజువు చేసేవాళ్లు ఇప్పటికీ చెట్టునే ఇష్టపడతారు.

ఈ పద్ధతిలో స్వీకృతాలు ఉండవు, అన్నీ నియమాలే. ‘మరియు’, ‘లేదా’, ‘అయితే’, ‘కాదు’ లాంటి ప్రతి మాటకూ ఒక ప్రవేశ నియమం, ఒక నిష్క్రమణ నియమం. ఆ మాటను ఉపపత్తిలోకి ఎప్పుడు తేవచ్చో మొదటిది చెబుతుంది, వచ్చిన మాట నుంచి ఏం రాబట్టవచ్చో రెండోది. ‘అయితే’కి ప్రవేశ నియమమే ఈ కథకు ప్రాణం. ‘క’ అనుకో. ఆ అండతో ‘చ’ తెచ్చుకో. తెచ్చుకున్నాక ‘క’ని వదిలేసి ‘క అయితే చ’ అని రాసుకో. ‘క’ని ఇక్కడ అప్పుగా తీసుకున్నాం. దానితో నడిచినంత సేపూ మన మాటలన్నీ అప్పు మీద నిలబడ్డవే. చివర్లో ‘క అయితే’ అని షరతు పెట్టి రాయడంతో అప్పు తీరిపోతుంది, వచ్చిన వాక్యం పూర్తిగా మన సొంతం. ఇందాక అయిదు వరుసలు పట్టిన ఉపపత్తి ఇప్పుడు ఇంతే: క అనుకుందాం, క ఉంది కదా, కాబట్టి క అయితే క.

అప్పుకు లెక్క ఉండాలి. నేను హైదరాబాద్‌లో ఉన్నాను అనుకుందాం. హైదరాబాద్ తెలంగాణలో ఉంది కాబట్టి నేను తెలంగాణలో ఉన్నాను. కాబట్టి, నేను హైదరాబాద్‌లో ఉంటే తెలంగాణలో ఉన్నట్టే. చివరి వాక్యాన్ని విజయవాడలో కూర్చుని చదివినా, డాలస్‌లో కూర్చుని చదివినా నిజమే. దాని ముందు వాక్యం అలా కాదు. అప్పు తీరేదాకా దానికి చెల్లుబాటు ఉంటుంది, పెట్టె మూశాక దాన్ని బయటికి లాగకూడదు. లాజిక్ కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాట్లలో సగం ఇదే: మూసిన పెట్టెలోంచి ఒక వరుసను లాగేసి, సొంత వాక్యంలా వాడేసుకోవడం. ఏ వరుస ఏ అప్పు మీద నిలబడిందో పక్కనే అంకెలు వేసి రాసే పద్ధతి సప్పీస్ (1957), లెమ్మన్ (1965) పుస్తకాల్లో ఉన్నది ఇందుకే.

మన న్యాయదర్శనానికి ఈ అనుకోవడం గురించి చాలాకాలం కిందటే తెలుసు. కొండ మీద పొగ చూసి నిప్పుందన్నవాడిని ఎవరైనా శంకిస్తే, ‘నిప్పే లేదనుకో, అప్పుడు పొగ కూడా ఉండకూడదు కదా’ అని అడుగుతారు. దీనికి తర్కమని పేరు. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ దీన్ని సంశయంతో, భ్రమతో కలిపి అయథార్థ అనుభవాల జాబితాలో వేసింది. మొదట వింటే ఆశ్చర్యమేస్తుంది. కానీ నిజమే కదా, నిజం కానిదాన్ని నిజమనుకుని మొదలుపెట్టే ఆలోచన అది. నైయాయికులకు అది ప్రమాణానికి తోడు మాత్రమే, తానుగా ప్రమాణం కాదు. గెంట్సెన్ అదే అనుకోవడాన్ని తీసుకుని, తీర్చే నియమంతో సహా ఉపపత్తి నడుమ కూర్చోబెట్టాడు.

ఇక చిక్కుల్లోకి వద్దాం. అన్నిటికన్నా పాతది ‘కాదు’ అన్న మాట దగ్గర ఉంది. దాని ప్రవేశ నియమం సులువే: ‘క’ అనుకో, విరుద్ధత తెచ్చుకో, అప్పు తీర్చి ‘క కాదు’ అని రాసుకో. √2 ఉపపత్తి అచ్చంగా ఇదే. హాలండ్‌కు చెందిన బ్రౌవర్, అతని బాటలో నడిచినవాళ్లు విరుద్ధతతో నిరూపించడాన్ని ఒప్పుకోరని చాలామంది చెబుతారు గానీ, √2 విషయంలో వాళ్లకే పేచీ లేదు. వాళ్ల పేచీ ఇంకో మెట్టు దగ్గర. ‘క కాదు’ అన్నది తప్పని తేలినంత మాత్రాన ‘క’ నిజమని అనవచ్చా? ‘క లేదా క కాదు’, ఈ రెంటిలో ఒకటి నిజం కాక తప్పదని ఊరికే అనేయవచ్చా?

వాళ్ల అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ఉదాహరణలో కనిపిస్తుంది. ఒక కరణీయ సంఖ్యను మరో కరణీయ ఘాతానికి హెచ్చిస్తే అకరణీయ సంఖ్య రావచ్చా? రావచ్చు. √2ను √2 ఘాతానికి హెచ్చించండి. వచ్చింది అకరణీయమైతే పని అయిపోయింది. కాదూ, కరణీయమే వచ్చిందంటారా? దాన్ని మళ్లీ √2 ఘాతానికి హెచ్చించండి. ఘాతాల్లోని √2ను √2 తో గుణిస్తే 2. √2 వర్గం 2. అకరణీయం వచ్చేసింది. ఎటు పోయినా మనమే గెలిచాం. గెలిచింది ఏ దారినో మాత్రం చెప్పలేదు! ఆ జత ఏదో చూపించకుండా ఉందని నిరూపించేశాం. (రెండో దారే నిజం. దాన్ని తేల్చే సిద్ధాంతాన్ని గెల్‌ఫోండ్, ష్నైడర్ వేర్వేరుగా 1934లో రుజువు చేశారు. గెంట్సెన్ వ్యాసం వచ్చిన ఏడే.)

సహజ నిగమనంలో ‘క లేదా క కాదు’ని నిరూపించడానికి కూర్చుంటే ఆ అనుమానం ఎక్కడ తగులుకుంటుందో సరిగ్గా తెలుస్తుంది:

1. ‘క లేదా క కాదు’ అన్నది తప్పు అనుకుందాం. ఇది పెద్ద అప్పు.
2. ‘క’ అనుకుందాం. ఇది చిన్న అప్పు.
3. ‘క’ ఉంది కాబట్టి ‘క లేదా క కాదు’.
4. ఇది 1తో విరుద్ధం.
5. కాబట్టి ‘క కాదు’. చిన్న అప్పు తీరింది.
6. ‘క కాదు’ ఉంది కాబట్టి ‘క లేదా క కాదు’.
7. ఇదీ 1తో విరుద్ధమే.
8. కాబట్టి 1లో అనుకున్నది తప్పు. పెద్ద అప్పూ తీరింది.
9. తప్పు కావడం తప్పు కాబట్టి, ‘క లేదా క కాదు’ నిజం.

ఎనిమిదో వరుస దాకా బ్రౌవర్ కూడా తలాడిస్తాడు. తొమ్మిదో వరుస ఏ మాటకూ ప్రవేశ నియమం కాదు, నిష్క్రమణ నియమమూ కాదు. రెండు ‘కాదు’లను ఒక్కసారిగా కొట్టేసే ఈ నియమాన్ని బయట నుంచి తెచ్చి తగిలించాలి. సంప్రదాయ గణితమంతా వాడే తర్కం ఈ అతుకు లేనిదే నడవదు. అతి సామాన్యంగా అనిపించే మాటకు ఇన్ని వంకరలు తిరగాల్సి రావడం చూసి, ఇదేం సహజం అని విద్యార్థులు అడుగుతారు. వాళ్లదే న్యాయం.

గెంట్సెన్‌కు ఈ అతుకు బాగా గుచ్చుకుంది. అతనికి కావాల్సింది ఒక పెద్ద సిద్ధాంతం: ఏ ఉపపత్తిలోనైనా చుట్టుదారులను తీసేసి, చెప్పాల్సిన వాక్యంలోని ముక్కలతోనే నడిచే తిన్నని ఉపపత్తిగా మార్చవచ్చు. చుట్టుదారి అంటే ఒక మాటను ప్రవేశ నియమంతో తెచ్చి, వెంటనే నిష్క్రమణ నియమంతో పంపేయడం. సంప్రదాయ తర్కానికి సహజ నిగమనంలో అతనికది చక్కగా కుదరలేదు. అందుకని అదే వ్యాసంలో సీక్వెంట్ కాలిక్యులస్ అనే రెండో పద్ధతిని సృష్టించి, అందులో నిరూపించాడు. తాను కన్న పద్ధతిని పక్కనపెట్టి మరోదానితో పని కానిచ్చాడన్నమాట. సహజ నిగమనానికే ఆ సిద్ధాంతాన్ని 1965లో స్వీడన్‌కు చెందిన డాగ్ ప్రావిట్స్ రుజువు చేశాడు. తీరా చూస్తే బ్రౌవర్ తరహా తర్కం వరకు గెంట్సెన్ తన పరిశోధన గ్రంథం చిత్తుప్రతిలో ముందే రుజువు చేసి పెట్టుకున్నాడని 2005లో జూరిక్‌లోని కాగితాల్లో యాన్ ఫోన్ ప్లాటోకు దొరికింది. అది చెప్పడానికి గెంట్సెన్ మిగల్లేదు. నాజీ పార్టీ సభ్యుడైన అతను ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ 1945 మేలో అరెస్టయ్యాడు. ఆగస్టు 4న అక్కడి జైల్లో తిండి లేక చనిపోయాడు. అప్పటికి అతనికి 35 ఏళ్లు.

చుట్టుదారులు తీసేయడానికి ధర కూడా పెద్దదే. గణితంలో ఉపసిద్ధాంతం అంటే ఒకసారి నిరూపించి పదిచోట్ల వాడుకునేది. చుట్టుదారి తీసేస్తే ఆ పదిచోట్లా దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఉపసిద్ధాంతంలో ఇంకో ఉపసిద్ధాంతం ఉంటే అదీ అంతే. ఇలా పెరిగే పొడవుకు ఘాతం మీద ఘాతం వేసుకుంటూ పోయినా ఏ నిర్దిష్టమైన అంతస్తూ సరిపోదని 1979లో స్టాట్‌మన్, ఒరెవ్‌కోవ్ వేర్వేరుగా చూపించారు. తిన్నని ఉపపత్తి ఉందని హామీ ఇవ్వవచ్చు గానీ రాయడానికి విశ్వంలో కాగితం చాలకపోవచ్చు.

ప్రవేశ, నిష్క్రమణ నియమాలే మాటకు అర్థం చెబుతాయన్నది గెంట్సెన్ వ్యాసంలోనే ఉన్న ఆలోచన. మరయితే ఏ నియమాలైనా రాసుకోవచ్చా? 1960లో ఆర్థర్ ప్రయర్ రెండు పేజీల చిన్న వ్యాసంలో ‘టాంక్’ అనే మాటను పుట్టించాడు. ‘క’ ఉంటే ‘క టాంక్ చ’ అని రాసుకోవచ్చు. ‘క టాంక్ చ’ ఉంటే ‘చ’ అని రాసుకోవచ్చు. అంతే నియమాలు. రెండూ రెండూ నాలుగు. కాబట్టి, రెండూ రెండూ నాలుగు టాంక్ చార్మినార్ తిరుపతిలో ఉంది. కాబట్టి చార్మినార్ తిరుపతిలో ఉంది! లోపలికి ఇచ్చినదానికన్నా బయటికి ఎక్కువ రాబట్టే జత అది. ఏ జత సరైనదో, ఏది టాంక్ లాంటిదో చెప్పే తూనిక నియమాల్లో లేదు, బయట నుంచి తేవాలి. చుట్టుదారి తీసేయగలగడమే ఆ తూనిక అని చాలామంది ఒప్పుకున్నారు. ఆ లెక్కన ఇందాకటి తొమ్మిదో వరుసకు కూడా కాస్త కష్టకాలమే.

తీసుకున్న అప్పు అసలు వాడకపోతే? ‘క’ అనుకుందాం. ‘చ’ అనుకుందాం. ‘క’ ఉంది కదా. కాబట్టి చ అయితే క. కాబట్టి క → (చ → క). ‘చ’ని ముట్టుకోనే లేదు, అయినా అది వాక్యంలోకి వచ్చేసింది. రెండూ రెండూ నాలుగు కాబట్టి, కాకి తెల్లనైతే రెండూ రెండూ నాలుగు. సహజంగా మాట్లాడే తెలుగువాడెవడూ ఈ ‘అయితే’ని ఒప్పుకోడు. అనుకున్నది వాడి తీరాలని పట్టుబట్టిన ఆండర్సన్, బెల్నాప్ సంబద్ధ తర్కాన్ని కట్టారు. ప్రతి అప్పునూ సరిగ్గా ఒక్కసారే ఖర్చు పెట్టాలన్న జిరార్, 1987లో లీనియర్ లాజిక్‌ను తెచ్చాడు. నియమాల్లో ఎక్కడా పైకి రాయకుండా గెంట్సెన్ ఇచ్చేసిన స్వేచ్ఛ మీదే ఈ రెండు తర్కాలూ పుట్టాయి.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టు అనిపించాలి. ఫంక్షన్ రాసేటప్పుడు లోపలికి ఏదో ఒక విలువ వస్తుందనుకుంటాం. దానితో పని చేసి ఫలితం ఇస్తాం. అనుకోవడం, తీర్చడం అన్నవి అదే పని అని విలియం హోవర్డ్ 1969లో ఒక రాతప్రతిలో రాశాడు. అది 1980లో గానీ అచ్చుకాలేదు. చుట్టుదారి తీసేయడమంటే ఆ ఫంక్షన్‌ను నడపడమే. కాక్, లీన్ లాంటి ఉపపత్తులు సరిచూసే సాఫ్ట్‌వేర్లు ఈ పోలిక మీదే కట్టినవి. నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 2005లో జార్జ్ గోంతియే కాక్‌లోనే వరుస వరుసా సరిచూశాడు. లీన్‌లో మొదటి రోజే నేర్చుకునే ఆదేశం ‘ఇంట్రో’. దానర్థం అనుకుందాం అనే.

సరిచూడటం ఒక పని, వెతకడం మరో పని. ఈ పద్ధతి రెండోదానికి పెద్దగా అక్కరకు రాదు. ‘చ’ కావాలి, దానికి ‘క’, ‘క అయితే చ’ కావాలని నియమం చెబుతుంది. ఏ ‘క’? లోకంలో ఉన్న ఏ వాక్యమైనా కావచ్చు. కంప్యూటరు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? తొమ్మిది వరుసల ఉపపత్తిలో ‘క కాదు’ని నడుమ తెచ్చుకోవాలని మనకు తట్టింది గానీ నియమాలు చెప్పలేదు. యంత్రాలతో ఉపపత్తులు వెతికించాలనుకున్నవాళ్లు దీన్ని వదిలి, రాబిన్సన్ 1965లో కనిపెట్టిన రిజల్యూషన్ లాంటి మొరటు పద్ధతుల వైపు వెళ్లారు. అవి మనిషి చదవడానికి పనికిరావు, యంత్రానికి మాత్రం సుఖం.

గోడెల్, చర్చ్, ట్యూరింగ్‌ల పేర్లు కూడా ఇక్కడ వినబడుతుంటాయి గానీ వాళ్లు చూపించిన హద్దులను సహజ నిగమనం ఒక్కదాని నెత్తిన రుద్దడం సరికాదు. తర్కరీత్యా ఎప్పటికీ నిజమైన ప్రతి వాక్యానికీ ఉపపత్తి ఉంటుందని గోడెల్ 1929లో రుజువు చేశాడు. సహజ నిగమనానికీ ఆ హామీ వర్తిస్తుంది. ఇచ్చిన వాక్యానికి ఉపపత్తి ఉందో లేదో ప్రతిసారీ తేల్చి చెప్పే యాంత్రిక పద్ధతి ఉండదని 1936లో చర్చ్, ట్యూరింగ్ చూపించారు. ఉన్నదాన్ని వెతికితే ఎప్పటికైనా దొరుకుతుంది, లేనిదాన్ని ఎప్పటికీ వెతుకుతూనే ఉండవచ్చు. ఏ పద్ధతిలో రాసినా ఇంతే.

‘ప్రతి’, ‘ఏదో ఒకటి’ లాంటి మాటలను పక్కనపెట్టి ‘మరియు’, ‘లేదా’, ‘అయితే’, ‘కాదు’ వరకే పరిమితమైతే ఆ బాధ లేదు. పట్టిక వేసి నిజమో కాదో తేల్చేయవచ్చు. అక్కడ మిగిలే ప్రశ్న పొడవు గురించి. వాక్యం పెరిగే కొద్దీ దాని అతి చిన్న ఉపపత్తి ఎంత వేగంగా పెరుగుతుంది? రిజల్యూషన్‌లో కొన్ని వాక్యాలకు ఘాతీయంగా పెరిగి తీరుతుందని 1985లో హాకెన్ రుజువు చేశాడు. సహజ నిగమనానికీ, హిల్బర్ట్ తరహా స్వీకృతాల పద్ధతికీ నడుమ ఉపపత్తి పొడవులో తేడా బహుపదిని మించదని కుక్, రెక్‌హావ్ 1979లోనే చూపించారు. అంటే ‘అనుకుందాం’ రాత సుఖాన్నిచ్చింది గానీ ఆ కొలత మీద గొప్ప లాభమేమీ తేలేదు. ఇక ఈ పద్ధతుల్లో పొట్టి ఉపపత్తి అసలే లేని వాక్యాలు ఉన్నాయా అంటే, ఉన్నాయనే చాలామంది నమ్మకం. అలాంటి వాక్యాల వరుస ఒక్కటి కూడా ఇప్పటిదాకా ఎవరికీ చేతికి చిక్కలేదు.